కొండెక్కే ముందు సెలవుల లెక్క: ఎత్తైన ట్రెక్కుల్లో ఆరోగ్యం ఎందుకు చెడుతుంది?

సంక్షిప్తంగా: హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు జబ్బుపడటానికి ప్రధాన కారణం ఎంత ఎత్తుకు వెళ్లారన్నదాని కంటే ఎంత త్వరగా వెళ్లారన్నదే. ఫిట్‌నెస్ ఉంటే ఇది రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం, తలనొప్పి మొదలైతే అక్కడే ఆగడం, ముదిరితే దిగిపోవడం ప్రాణాలు కాపాడే పద్ధతులు. వీటికి కావలసింది రోజులు. ఆ రోజులు ఉంటాయా లేదా అన్నది టికెట్లు కొనేటప్పుడే తేలిపోతుంది.

రాత్రి శంషాబాద్, పొద్దున లేహ్

హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ ఉన్నది 3,500 మీటర్ల దగ్గర. రాత్రి విమానంలో ఢిల్లీ చేరి, తెల్లవారుజామున లేహ్ విమానం అందుకుంటే టిఫిన్ వేళకల్లా అక్కడ ఉండొచ్చు. ముందురోజు కొండాపూర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మామూలుగా తిరిగిన మనిషి ఒక్క రాత్రిలో మూడు కిలోమీటర్ల పైకి చేరిపోతాడు. మనిషి చేరతాడు గానీ, శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడటానికి రోజులు పడుతుంది.

ఎత్తు ప్రభావం చాలామందిలో 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తెలుగువాళ్లకు ఇది అనుభవంలో లేని విషయం కావడానికి భూగోళమే కారణం. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. హార్స్‌లీ హిల్స్ 1,300 దాటదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో తూర్పు కనుమల ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఎంత సాధన చేసినా ఎత్తుకు అలవాటు పడే వీలు లేదు. గోల్కొండ మెట్లు, మౌలాలి గుట్ట, భువనగిరి కోట బండ కాళ్లకు బలమిస్తాయి, దమ్ము పెంచుతాయి. అంతవరకే.

గాలిలో ఆక్సిజన్ శాతం మారదు

“పైన ఆక్సిజన్ ఉండదు” అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి గాలిలో ఆక్సిజన్ వాటా హుస్సేన్‌సాగర్ ఒడ్డునా, ఎవరెస్ట్ మీదా ఒకటే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి.

ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న అపార్ట్‌మెంట్‌ను తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో కుళాయి తిప్పితే నీళ్లు ధాటిగా వస్తాయి. ట్యాంకుకు సరిగ్గా కిందుండే పై ఫ్లాటులో సన్నగా వస్తాయి. నీళ్లు అవే, ట్యాంకూ అదే. కుళాయి మీద నిలబడిన నీటి బరువు పై అంతస్తులో తక్కువ. మనమంతా గాలి ట్యాంకు అడుగున బతుకుతున్నాం. పైకి వెళ్లేకొద్దీ మన నెత్తిన ఉండే గాలి బరువు తగ్గి, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టే ఒత్తిడీ తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర ఉండే ఒత్తిడిలో హైదరాబాద్‌లో 94 శాతం దాకా ఉంటే, లేహ్‌లో సుమారు 65 శాతమే ఉంటుంది. 5,364 మీటర్ల దగ్గరున్న ఎవరెస్ట్ బేస్ క్యాంపులో సగం కంటే కాస్త ఎక్కువ. వంటింట్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే అన్నం, పప్పు సరిగా ఉడకవు.

మొదటి మూడు రోజుల్లో ఒంట్లో జరిగేది

రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మొదట పసిగట్టేవి మెడలోని ప్రధాన రక్తనాళాల దగ్గరుండే చిన్న గ్రాహకాలు. అవి వెంటనే శ్వాస వేగం పెంచుతాయి. గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. ఎక్కువగా ఊపిరి తీయడం వల్ల ఆక్సిజన్ లోపలికి వస్తుంది, కానీ దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే ఎక్కువగా బయటకు పోతుంది. దాంతో రక్తంలో ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. ఇక్కడ చిక్కు వస్తుంది. క్షారగుణం పెరిగితే శ్వాస తగ్గించమని మెదడు చెబుతుంది. ఒకవైపు నుంచి ఊపిరి పెంచమని, మరోవైపు నుంచి తగ్గించమని ఆదేశాలు అందుతాయి.

ఈ పేచీ తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బనేట్‌ను మూత్రంలో బయటకు పంపి రక్తాన్ని తిరిగి సమతూకంలోకి తెస్తాయి. ఎత్తు మీద మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువగా రావడం ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. అయితే ఇది గంటల్లో అయ్యే పని కాదు, కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు పడుతుంది.

ఆ పేచీ రాత్రిపూట టెంట్‌లో వినిపిస్తుంది కూడా. పక్కన పడుకున్న మనిషి నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి తీస్తాడు. తర్వాత శబ్దం ఆగిపోతుంది. ఐదు సెకన్లు, పది సెకన్లు ఏమీ వినపడదు. అంతలో ఉలిక్కిపడ్డట్టు మళ్లీ పెద్దగా ఊపిరి తీసుకుంటాడు. పక్కవాళ్లకు భయం వేస్తుంది గానీ, వేరే లక్షణాలు లేకపోతే ఇది ఆ ఎత్తులో మామూలే. మద్యం, నిద్రమాత్రలు మాత్రం అప్పటికే తడబడుతున్న ఈ శ్వాసను ఇంకా అణిచివేస్తాయి. మొదటి రాత్రుల్లో వాటిని పూర్తిగా మానేయమనడానికి కారణమిదే.

తలనొప్పి, నిమ్ము, తూలుడు

వైద్యులు ఎత్తు జబ్బును మూడు రూపాలుగా చూస్తారు. మొదటిది అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్, క్లుప్తంగా ఏఎంఎస్. తలనొప్పి దీని ముఖ్య లక్షణం. దానికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నీరసం. పైకి చేరిన కొద్ది గంటల నుంచి ఒక రోజులోపు మొదలవుతుంది. ఇంకా పైకి పోకుండా అక్కడే ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, హేప్ అంటారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు బిగుసుకుంటాయి. అన్నీ ఒకేలా బిగుసుకోకపోవడంతో కొన్నిచోట్ల రక్తం ఒత్తిడి బాగా పెరిగి గోడల్లోంచి ద్రవం కారుతుంది. ఇది సాధారణంగా రెండో రాత్రి నుంచి నాలుగో రోజు మధ్య బయటపడుతుంది. తొలి సూచనలు మోసం చేస్తాయి. నిన్నటిదాకా ముందు నడిచినవాడు ఇవాళ వెనకబడతాడు. పొడి దగ్గు వస్తుంది. కాస్త జ్వరం కూడా ఉండొచ్చు. “చలికి నిమ్ము చేసిందిలే” అని యాంటీబయాటిక్ మింగించి పడుకోబెట్టడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోతే, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటే, పెదాలు గోళ్లు నీలంగా మారితే అది హేప్ కాదని తేలేదాకా హేప్ అనే అనుకోవాలి. గులాబీ రంగు నురగ కళ్లె పడేసరికి పరిస్థితి చాలా దూరం వెళ్లినట్టే.

మూడోది మెదడు వాపు, హేస్. అరుదుగా వస్తుంది గానీ అన్నిటికంటే ప్రమాదకరం. మాట తడబడటం, అయోమయం, విపరీతమైన మగత, నడకలో తూలుడు దీని గుర్తులు. దీన్ని పట్టుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. నేల మీద ఒక గీత గీసి, ఒక పాదం మడమను మరో పాదం బొటనవేలికి ఆనించి పది అడుగులు నడవమంటే చాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, ఎంత అలసినా, కాస్త అటూ ఇటూ ఊగినా నడుస్తాడు. హేస్ మొదలైన మనిషి నాలుగో అడుగుకే పక్కకు పడబోతాడు. “బాగా అలిసిపోయాడు, నిద్రపోనివ్వండి” అని అలాంటివాణ్ని ఒంటరిగా టెంట్‌లో వదిలేస్తే, తెల్లారేసరికి స్పృహ ఉండకపోవచ్చు. ఒక్క రోజులో ప్రాణం తీయగల జబ్బు ఇది.

వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ తర్వాత ప్రతి ట్రెక్కర్ సంచిలోకీ చేరింది. హైదరాబాద్‌లో 97, 98 చూపించే యంత్రం లేహ్‌లో మొదటి రోజు 85, 90 మధ్య చూపించడం సాధారణం. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారిలో చివరి మజిలీ అయిన గోరక్‌షెప్‌లో 80 కంటే తగ్గినా చాలామంది బాగానే ఉంటారు. చల్లబడ్డ వేలు, నెయిల్ పాలిష్ అంకెను తప్పుగా చూపిస్తాయి. అంకె బాగుందని తలనొప్పిని పట్టించుకోకపోవడం ప్రమాదం. అదే బృందంలో అందరికంటే ఒకరి అంకె బాగా తక్కువగా ఉండి, ఆయాసం కూడా ఉంటే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

దమ్మున్నవాళ్లకే ఎందుకు వస్తుంది?

వారానికి మూడుసార్లు కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తే పాతికేళ్ల యువకుడు పడిపోవడం, నెమ్మదిగా నడిచే అరవై ఏళ్ల మనిషి నవ్వుతూ బేస్ క్యాంపు చేరడం ట్రెక్కుల్లో తరచూ కనిపించే దృశ్యం. వింతగా అనిపించినా దీనికి కారణం ఉంది. ఫిట్‌నెస్ కండరాలకు, గుండెకు సంబంధించింది. ఎత్తుకు అలవాటు పడటం శ్వాసను నడిపే గ్రాహకాలకు, మూత్రపిండాలకు, ఊపిరితిత్తుల రక్తనాళాలకు సంబంధించింది. పరుగు సాధనతో అవి మారవు. పైగా బలమున్నవాడు త్వరగా ఎక్కేస్తాడు, తలనొప్పి వచ్చినా దాన్ని ఓర్చుకుని నడుస్తాడు. ఎవరికి వస్తుందో చెప్పగలిగే బలమైన ఆధారం ఒకటే, ఇంతకుముందు అదే ఎత్తులో వచ్చిందా లేదా అన్నది. కిందికి వచ్చిన వారం రెండు వారాల్లో ఆ అలవాటు పోతుంది కాబట్టి, డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కినప్పుడు ఒంటికి పట్టిన అలవాటు మే నెలలో మిగలదు.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరం చేరాడు. “చిన్నపిల్ల ఎక్కింది, మనం బేస్ క్యాంపు వెళ్లలేమా” అనే మాట ఆ తర్వాత తెలుగు ఇళ్లలో సర్వసాధారణమైంది. ఆ విజయం వెనక భువనగిరి బండల మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ దాకా సాగిన శిక్షణ ఉంది. యాత్రలోనూ వారాల తరబడి కొంత ఎక్కడం, దిగి పడుకోవడం, మళ్లీ ఎక్కడం ఉంటుంది. ఎనిమిది తొమ్మిది రోజుల సెలవుతో వెళ్లేవాళ్లు పోల్చుకోవలసింది ఆ వారాలతో.

సైన్యం ఇచ్చే రోజులు, ప్యాకేజీ ఇచ్చే రోజులు

ఎత్తు జబ్బు గురించి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో పెద్ద భాగం భారత సైనికుల నుంచి వచ్చింది. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి వేలమందిని హడావుడిగా సరిహద్దు ఎత్తులకు తరలించాల్సి వచ్చింది. జబ్బుపడిన 1,925 మంది సైనికుల వివరాలతో ఇందర్ సింగ్, ఆయన సహచర వైద్యులు 1969లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో మూలస్తంభం లాంటిది. నేడు సైన్యం 9,000 అడుగులు దాటిన చోట ఆరు రోజులు, 12,000 అడుగులు దాటితే మరో నాలుగు రోజులు, 15,000 దాటితే ఇంకో నాలుగు రోజులు అలవాటుకే కేటాయిస్తుంది. శిక్షణ పొందిన యువ జవాన్లకే మొత్తం పద్నాలుగు రోజులు.

దీని పక్కన హైదరాబాద్‌లో అమ్ముడయ్యే ఐదు రోజుల లద్దాఖ్ ప్యాకేజీని పెట్టి చూడాలి. శనివారం పొద్దున లేహ్‌లో దిగడం. ఆదివారం 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ దాటి నుబ్రా లోయ. సోమవారం రాత్రి 4,200 మీటర్లకు పైనున్న పాంగాంగ్ సరస్సు ఒడ్డున టెంట్‌లో బస. ఖర్దుంగ్ లా దగ్గర ఫొటో దిగి పావుగంటలో దిగిపోవడం వల్ల అంత నష్టం ఉండదు. నుబ్రా లేహ్ కంటే కిందే. సమస్యంతా పాంగాంగ్ రాత్రితోనే. హేప్ బయటపడే రోజుల్లో, ఆసుపత్రికి గంటల ప్రయాణ దూరంలో, చీకట్లో గడిపే రాత్రి అది. లేహ్‌లో దిగాక కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోమని ఇచ్చే సలహాను ఈ ప్యాకేజీ రెండో రోజే మింగేసింది.

రోడ్డు మార్గాల్లోనూ తేడా ఉంది. శ్రీనగర్ మీదుగా వెళితే మొదటి రాత్రి 1,600 మీటర్ల దగ్గర, తర్వాతి రాత్రి 2,700 మీటర్ల కార్గిల్‌లో గడిపి లేహ్ చేరతారు. శరీరానికి ఇది మెట్లెక్కినట్టు ఉంటుంది. మనాలి దారిలో సర్చూ దగ్గర ఆగితే 2,000 మీటర్ల నుంచి ఒక్క రోజులో 4,290కి చేరి అక్కడే నిద్రపోవాలి. రెండూ లేహ్‌కే పోతాయి, కానీ ప్రమాదం ఒకటి కాదు.

ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారి ఈ విషయంలో నయం, అనుభవం నుంచి పుట్టిన విరామాలు అందులోనే ఉన్నాయి. విమానం దిగే లుక్లా 2,860 మీటర్లు, నామ్చే బజార్ 3,440, అక్కడ రెండు రాత్రులు. డింగ్‌బోచే 4,410, అక్కడా రెండు రాత్రులు. తర్వాత లోబుచే, గోరక్‌షెప్. ఆగిన రోజున ఊరికే పడుకోకుండా పక్క కొండ మూడు నాలుగు వందల మీటర్లు ఎక్కి, మళ్లీ కిందకే వచ్చి నిద్రపోతారు. లుక్లా విమానం వాతావరణం వల్ల రెండు రోజులు ఆలస్యమైతే, ఆ రెండు రోజులను పూడ్చుకోవడానికి మొదట కోత పడేది ఈ విరామాలకే. తిరుగు టికెట్, ఆఫీసు సెలవు మారవు గనక. అందుకే అదనంగా రెండు రోజులు చేతిలో లేకుండా ఆ దారి పట్టడం తెలివైన పని కాదు.

యాత్రికుల పరిస్థితి వేరు

ట్రెక్కర్‌కు కనీసం ఏఎంఎస్ అనే మాట తెలుసు. తీర్థయాత్రకు వెళ్లే పెద్దలకు అదీ తెలియదు. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. గౌరీకుండ్ నుంచి ఒక్క రోజులో సుమారు 1,600 మీటర్లు ఎక్కుతారు. హెలికాప్టరైతే నిమిషాల్లో దింపేస్తుంది. దర్శనం చేసుకుని అదే రోజు దిగేవాళ్లకు ముప్పు తక్కువ. రాత్రి పైనే ఉండేవాళ్లకు, అందులోనూ గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ.

కైలాస మానససరోవర యాత్ర ఇంకా కఠినం. సరస్సు ఒడ్డే 4,590 మీటర్లు, పరిక్రమలో దాటే డోల్మా లా సుమారు 5,630. ప్రభుత్వ యాత్రలో ఢిల్లీలో వైద్య పరీక్షలు చేసి, దారిలో మరోసారి పరీక్షించి, పనికిరాని వాళ్లను వెనక్కి పంపుతారు. నేపాల్‌గంజ్ నుంచి విమానం, హెలికాప్టర్ ఎక్కే ప్రైవేటు యాత్రలో మైదానం నుంచి మూడు నాలుగు రోజుల్లో మానససరోవరం చేరిపోవచ్చు. ఉపవాసం, చల్లటి నీళ్లలో స్నానం, “స్వామే చూసుకుంటాడు” అనే నమ్మకం తోడైతే లక్షణాలు బయటపెట్టేవాళ్లు తగ్గిపోతారు. నేపాల్‌లోని గోసాయికుండ సరస్సు యాత్రికుల మీద జరిగిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల మందికి ఏఎంఎస్ కనిపించింది. ఒకటి రెండు రోజుల్లోనే 4,300 మీటర్ల ఎత్తుకు చేరిపోవడమే దానికి కారణం.

కర్పూరం, ఆక్సిజన్ డబ్బా, డైమాక్స్

యాత్రకు బయల్దేరే తెలుగువాళ్ల కొంగులో, జేబులో కర్పూరం బిళ్లలు ఉంటాయి. వాసన చూస్తే ముక్కులో చల్లగా తగిలి ఊపిరి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మాత్రం దానివల్ల పెరగదు. నోట్లో వేసుకుంటే కర్పూరం విషం. వెల్లుల్లి రసం తాగితే హాని లేదు, రక్షణా లేదు. నీళ్లు తగినంత తాగాలి, కానీ లీటర్ల కొద్దీ తాగినంత మాత్రాన ఎత్తు జబ్బు ఆగదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలే వస్తుంది. దాన్ని నమ్ముకుని కిందికి దిగడం వాయిదా వేస్తే అదే ప్రాణాంతకం.

డైమాక్స్ వేరే కోవకు చెందింది. కంటి ఒత్తిడికి వాడే ఈ పాత మందు మూత్రపిండాల్లోంచి బైకార్బనేట్‌ను త్వరగా బయటకు పంపుతుంది. అంటే శరీరం తనంతట తాను చేసుకునే పనినే తొందరపెడుతుంది. నివారణ కోసం పెద్దవాళ్లకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి సూచిస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇలా కాదు. అది లక్షణాలను అణిచిపెడుతుంది తప్ప శరీరాన్ని అలవాటు చేయదు. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. మెదడు వాపు వచ్చినప్పుడు దించేలోగా ప్రాణం నిలబెట్టే మందు అది. శిఖరం దాకా లాక్కుపోవడానికి వాడే మాత్రగా చూడటం తప్పు.

మరో విషయం హైదరాబాద్‌లోనే చూసుకోవాలి. రక్తహీనత ఉంటే ముందే సరిచేసుకోవాలి. సికిల్ సెల్ జన్యువు ఉన్నవాళ్లు, అది ఎక్కువగా కనిపించే ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలవాళ్లు, పరీక్ష చేయించుకోవడం అవసరం. కింద ఏ ఇబ్బందీ పెట్టని ఆ జన్యువు ఎత్తు మీద ప్లీహాన్ని దెబ్బతీయగలదు.

దిగడం ఎందుకు ఆలస్యమవుతుంది?

హేప్‌కీ హేస్‌కీ అసలు వైద్యం కిందికి దించడమే. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలాసార్లు మనిషి కళ్లముందే తేరుకుంటాడు. ఆక్సిజన్, మందులు, మనిషిని లోపల పడుకోబెట్టి గాలి ఒత్తిడి పెంచే సంచి, అన్నీ దించేదాకా సమయం కొనిపెట్టేవే. ఇంత తేలికైన పని ఆలస్యం కావడానికి కారణాలు బృందంలోనే ఉంటాయి. తలనొప్పి అని చెబితే అందరి ట్రిప్పూ పాడవుతుందని జబ్బుపడినవాడు దాస్తాడు. తిరిగి రాని డబ్బు గుర్తొస్తుంది. జబ్బుపడినవాడికి తోడుగా ఒకరు దిగాలంటే ఆ ఒకరు ఎవరన్న ప్రశ్న వస్తుంది. రాత్రయితే “పొద్దున చూద్దాం” అంటారు. మెదడుకు ఆక్సిజన్ తగ్గినవాడి నిర్ణయశక్తి కూడా అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి, నాకేం కాలేదన్న అతని మాటను లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ మాటలన్నీ బయల్దేరకముందే తేల్చుకున్న బృందాల్లో పని సులువుగా జరుగుతుంది. ఎవరికి బాగోకపోతే ఎవరు తోడు దిగుతారు, రోజూ సాయంత్రం తలనొప్పి ఉందా అని ఎవరు అడుగుతారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టర్ ఖర్చు అందులో ఉందా అన్నవి శంషాబాద్ చేరకముందే తెలిసి ఉండాలి. చాలా ట్రావెల్ పాలసీలు ఒక ఎత్తు దాటితే చెల్లవు.

లద్దాఖ్ ప్యాకేజీనే మళ్లీ తీసుకుంటే, శని, ఆదివారాలు లేహ్‌లోనే ఉండి, సోమవారం నుబ్రాకు వెళ్లి, అక్కడ రెండు రాత్రులు గడిపి, బుధవారం పాంగాంగ్ చేరితే ఆ 4,200 మీటర్ల రాత్రి మూడోది కాకుండా ఐదోది అవుతుంది. ఖర్చులో పెరిగేది రెండు రాత్రుల గది అద్దె, సెలవుల్లో పెరిగేది రెండు రోజులు.